ప్రకృతి ఒక్కతే ఇవ్వడం లేదు

పర్యావరణం గురించి ఏది చదివినా ఒక మాట తప్పకుండా ఎదురవుతుంది: ప్రకృతి మనకు అన్నీ ఉచితంగా ఇస్తోంది, మనం పుచ్చుకుంటున్నాం. అడవి గాలినిస్తుంది, నది నీళ్లిస్తుంది, తేనెటీగ పంటనిస్తుంది. ఈ మాట చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే, ప్రకృతి విలువ జనానికి తెలియాలన్నదే వాళ్ల తపన. అయినా చాలాకాలంగా ఈ మాట దగ్గర నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇందులో సగం సంగతే ఉంది. మనకు అందే మేలు దేన్నయినా తీసుకుని, అది వచ్చిన దారి వెంట వెనక్కి వెళ్తే ఎక్కడో ఒకచోట మనుషులు తగులుతారు. కాలువ పూడిక తీసేవాళ్లో, గట్టు తెగకుండా చూసుకునేవాళ్లో, పశువుల్ని మేపేవాళ్లో, గడ్డికి ఏ నెలలో నిప్పు పెట్టాలో తెలిసినవాళ్లో. వాళ్లను లెక్కలోకి తీసుకోకపోతే వాళ్లకు అన్యాయం జరుగుతుంది, అది ఎలాగూ ఉంది. దాంతో పాటు మనం కాపాడాలనుకుంటున్న ప్రకృతికే చేటు జరుగుతుందని నా వాదన.

శాస్త్రవేత్తలు 'ఎకోసిస్టమ్ సర్వీసెస్' అనేవాటిని ఇక్కడ ప్రకృతి సేవలు అనుకుందాం. తిండి, నీరు, కలప. వరదను నెమ్మదింపజేయడం, నీటిని వడగట్టడం, పంటలకు పరాగసంపర్కం. ఒక కొండనో సరస్సునో చూస్తే మనసుకు కలిగే నెమ్మది. అన్నీ ఇందులోకే వస్తాయి. ఐక్యరాజ్యసమితి చొరవతో 1,300 మందికి పైగా నిపుణులు పనిచేసి 2005లో విడుదల చేసిన 'మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్' వీటిని 'పర్యావరణ వ్యవస్థల నుంచి మనుషులు పొందే ప్రయోజనాలు' అని నిర్వచించింది. పరిశీలించిన 24 సేవల్లో 15 క్షీణిస్తున్నాయని తేల్చింది. అంతకుముందే 1997లో రాబర్ట్ కోస్టాంజా, ఆయన సహచరులు భూమ్మీది ప్రకృతి సేవలన్నిటికీ కలిపి ఏడాదికి సుమారు 33 లక్షల కోట్ల డాలర్ల విలువ కట్టారు. అప్పట్లో ప్రపంచ దేశాలన్నిటి ఉత్పత్తి కలిపినా సుమారు 18 లక్షల కోట్ల డాలర్లే. ఆ అంకె చాలామంది కళ్లు తెరిపించింది. నిర్ణయాలు తీసుకునేవాళ్ల బల్ల మీదికి అడవిని, చిత్తడి నేలను తీసుకొచ్చింది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ నిర్వచనంలోనూ, ఆ అంకెలోనూ మనిషికి ఉన్న పాత్ర ఒక్కటే. పొందడం.

సముద్రంలో చేప ఉన్నంత మాత్రాన అది ఎవరి కడుపూ నింపదు. పడవ, వల, ఏ కాలంలో ఎక్కడ వల వేయాలో తెలిసిన అనుభవం, పట్టినదాన్ని చెడిపోకుండా ఒడ్డుకు చేర్చే శ్రమ, ఇన్ని కలిస్తేనే అది ఆహారం. కొండ మీది దృశ్యమైనా అంతే, అక్కడికి బాట ఉండాలి, వానలు వెళ్లాక ఆ బాటను ఎవరో సరిచేయాలి. ఇంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు. అసలు విషయం దీనికంటే లోతుగా ఉంది. చాలాచోట్ల మనుషులు ఆ మేలును అందుకునే చివరి మెట్టు దగ్గర మాత్రమే లేరు. అది పుట్టే చోటే ఉన్నారు.

న్యూయార్క్ నగరపు నీళ్ల కథ ఈ రంగంలో అందరూ చెప్పేదే. ఆ నగరానికి వాయవ్య దిశలో క్యాట్‌స్కిల్, డెలావేర్ అనే పరీవాహక ప్రాంతాలున్నాయి. సుమారు 90 లక్షల మంది తాగే నీటిలో సింహభాగం అక్కడి నుంచే వస్తుంది. ఉపరితల జలాలను ఫిల్టర్ చేసి తీరాలని 1989లో అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది, నీటి మూలాన్నే గట్టిగా కాపాడగలమని రుజువు చేస్తే మినహాయింపు ఉంది. ఫిల్టర్ ప్లాంటు కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు, నడపడానికి ఏటా మరో 30 కోట్లు అవుతాయని అంచనా వేశారు. పరీవాహక ప్రాంతాన్ని కాపాడుకుంటే సుమారు 150 కోట్లతో పోతుంది. 1997లో ఒప్పందం కుదిరింది. ఆ నీటికి ఇప్పటికీ ఫిల్టర్ ప్లాంటు లేదు. అడవి చేసే పనికి యంత్రం ఎందుకు అనే నీతితో ఈ కథను సాధారణంగా ముగిస్తారు.

అయితే ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూడాలి. కొంత నగరం భూమి కొనడానికి పోయింది. మిగతాది అక్కడి పాడి రైతుల దగ్గర పేడ వాగులోకి కొట్టుకుపోకుండా నిల్వచేసే ఏర్పాట్లకు, ఆవులు వాగులో దిగకుండా వేసే కంచెలకు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల మరమ్మతులకు, చిన్న పట్టణాల మురుగునీటి శుద్ధికి వెళ్లింది. మొదట్లో నగరం కఠినమైన నిబంధనలతో పని జరిపించాలనుకుంది. రైతులు ఎదురు తిరిగారు. వాళ్ల కోపానికి పాత కారణం కూడా ఉంది: 20వ శతాబ్దంలో ఈ నగరం కోసం జలాశయాలు కట్టినప్పుడు ఆ లోయల్లో ఊళ్లకు ఊళ్లే మునిగిపోయాయి. కొన్నేళ్ల చర్చల తర్వాత, ఏ పొలానికి ఆ పొలంగా ప్రణాళికను రైతులు తమ మండలి ద్వారా వేసుకునేట్టు, ఖర్చు నగరం పెట్టుకునేట్టు మాట కుదిరింది. చేరాలని బలవంతం లేదు. అయినా ఎక్కువమంది చేరారు.

కాబట్టి ఆ కుళాయి నీళ్లను వేర్లు, నేల, నేలలోని సూక్ష్మజీవులు వడగడుతున్నాయన్నది ఎంత నిజమో, వాటి మీద మోయలేనంత భారం పడకుండా పైనున్న జనం రోజూ చూసుకుంటున్నారన్నదీ అంతే నిజం. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు. అందులో ఏ చేతి వాటా ఎంత అని అడిగితే జవాబు ఉండదు. 33 లక్షల కోట్ల లాంటి అంకెల్ని చూసినప్పుడల్లా నాకు తోచేది ఇదే. ఆ మొత్తాన్ని ప్రకృతి పద్దులో రాశారు. పాడి రైతు పద్దులో ఏమీ రాయలేదు.

ఇలా ఇద్దరు కలిసి చేసే సేవ గురించిన ఆలోచనకు ఒక పుట్టుక చాలా దూరంలో ఉంది, పర్యావరణంతో సంబంధం లేనిచోట. 1970లలో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఎలినార్ ఆస్ట్రమ్, ఆమె సహచరులు అమెరికా నగరాల్లో పోలీసు సేవలను అధ్యయనం చేశారు. వీధి భద్రత అనేది పోలీసులు తయారుచేసి జనానికి అందించే సరుకు కాదని, జనం పాలుపంచుకోకపోతే అసలు తయారే కాదని వాళ్లు గమనించారు. దాన్ని కో-ప్రొడక్షన్, అంటే సహ ఉత్పత్తి అన్నారు. తర్వాతి కాలంలో ఆమె కాలువలు, అడవులు, చేపల వేట వంటి ఉమ్మడి వనరులను జనం తమ కట్టుబాట్లతో ఎలా నిలబెట్టుకుంటారో చూపించి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె. ప్రకృతి సేవల గురించి పనిచేసేవాళ్లు ఈ సహ ఉత్పత్తి మాటను అందిపుచ్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. జీవవైవిధ్యం, ప్రకృతి సేవల గురించి 2012లో ఏర్పడిన ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ వేదిక ఇప్పుడు ఈ మేళ్లలో చాలావరకు ప్రకృతి, మనుషులు కలిసి చేసేవేనని తన పత్రాల్లోనే రాస్తోంది. ఆలస్యమైనా మంచి మార్పు. కానీ పత్రాల్లో రాసినంత తేలిగ్గా పనుల్లోకి దిగలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి బాలి ద్వీపం కంటే మంచి చోటు నాకు కనిపించలేదు. అక్కడ అగ్నిపర్వతాల వాలు మీద మెట్లు మెట్లుగా వరి మళ్లు ఉంటాయి. ఒక కాలువ కింద ఉన్న రైతులంతా కలిసి ఒక సంఘం, దాన్ని సుబక్ అంటారు. సుబక్‌లన్నీ నీటి గుడుల చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఎవరు ఎప్పుడు నాట్లు వేయాలో, ఎప్పుడు మడి బీడు పెట్టాలో ఆ గుళ్లలో కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ వ్యవస్థ వేల మంది చేతుల మీదుగా వందల ఏళ్లు నడిచింది.

1970లలో హరిత విప్లవం వచ్చింది. కొత్త వంగడాలు, ఎరువులు, పురుగుమందులు, వీలైనన్ని పంటలు. గుడి లెక్కతో పనిలేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు నాట్లు వేసుకోండి, బీడు పెట్టకండి అని అధికారులు ప్రోత్సహించారు. మొదట దిగుబడి పెరిగింది. తర్వాత సుడిదోమ, ఎలుకలు, తెగుళ్లు విరుచుకుపడ్డాయి. ఒక రకం వరి దోమకు లొంగిపోతే దానికి తట్టుకునే మరో రకం తెచ్చారు, అది ఇంకో తెగులుకు లొంగింది. నీటి పంపకంలో గొడవలు మొదలయ్యాయి.

స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త, జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త కలిసి దీన్ని కంప్యూటర్ నమూనాతో పరీక్షించారు. వాళ్లు చూపించిన లెక్క ఎంతో సరళం. ఒక పెద్ద విస్తీర్ణంలో రైతులంతా ఒకేసారి కోత కోసి, ఒకేసారి మళ్లు బీడు పెడితే పురుగుకు తిండీ ఉండదు, నీడా ఉండదు. ఎగిరిపోవడానికి పక్క మడి కూడా ఉండదు, అది కూడా బీడే. అలాగని లోయ మొత్తం ఒకేసారి నాట్లు వేస్తే అందరికీ ఒకే వారంలో నీళ్లు కావాలి, అన్ని నీళ్లు ఏటిలో ఉండవు. కాబట్టి పురుగును ఆపేటంత పెద్దగా, నీళ్లు చాలేటంత చిన్నగా, గుంపులు కట్టుకోవాలి. ఆ సరైన కొలత ఎంతో నమూనా వెతికితే, నీటి గుడులు అప్పటికే పాటిస్తున్న కొలతకు దగ్గరగా వచ్చింది. ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. మామూలుగా ఎగువ రైతుకు దిగువ రైతు అవసరం ఉండదు, నీళ్లు ముందు వచ్చేది తనకే. కానీ దిగువన నీళ్లందక నాట్లు వెనకబడితే అక్కడ పెరిగిన పురుగు ఎగువకు వస్తుంది. అందుకే నీళ్లు వదలడం ఎగువ రైతుకూ లాభమే. 1980లలో రైతులు మళ్లీ గుడి కాలపట్టికకు మళ్లారు, తెగుళ్లు తగ్గాయి. 2012లో యునెస్కో సుబక్ వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ పురుగును అదుపు చేస్తున్నది ఎవరు? బీడు మడి. బీడు మడిని తయారుచేసింది ఎవరు? వందల కుటుంబాల ఒప్పందం. శాస్త్రం దీన్ని 'తెగుళ్ల సహజ నియంత్రణ' అనే పద్దు కింద రాస్తుంది. సహజమే, కానీ అది గుళ్లో కూర్చుని మాట్లాడుకున్న మాటల మీద నిలబడిన సహజం. ఆ మాటలు ఆగిపోగానే అదీ ఆగిపోయింది. ఏ చెట్టూ కొట్టలేదు, ఏ ఏరూ ఎండలేదు. తెగిపోయింది మనుషుల మధ్య కట్టుబాటు, దాంతో పోయింది ప్రకృతి సేవ. ఈ ఉదాహరణ చదివాక ప్రకృతి సేవలను పటాల మీద రంగులు వేసి చూపించే పద్ధతి మీద నాకు నమ్మకం సడలింది. పటంలో వరి పొలం పచ్చగా కనిపిస్తుంది. సుబక్ సమావేశం కనిపించదు.

మనుషుల్ని బయటికి పంపేస్తే ప్రకృతి దానంతట అదే బాగుపడుతుందనే నమ్మకం ఈ గుడ్డితనంలోంచే పుడుతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో దీనికి చెల్లించిన మూల్యం తలుచుకుంటే బాధేస్తుంది. కేవలాదేవ్ అని పిలిచే ఆ పక్షుల చిత్తడి నేల సుమారు 29 చదరపు కిలోమీటర్లు. దాన్ని పుట్టించిందే మనుషులు: 18వ శతాబ్దంలో రాజా సూరజ్‌మల్ కాలంలో అజాన్ బండ్ కట్టాక అక్కడి పల్లపు నేలలో నీళ్లు నిలవడం మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా అందులో మేసేవి. పక్షులూ వచ్చేవి. 1982లో పక్షుల్ని కాపాడాలని పశువుల మేతను నిషేధించారు. అడ్డుచెప్పిన గ్రామస్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, పలువురు చనిపోయారు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. నీటిలో పెరిగే ఒక రకం గడ్డి అడ్డూఆపూ లేకుండా అల్లుకుపోయింది. అంతవరకూ దాన్ని అదుపులో పెట్టింది గేదెల నోళ్లే. తెరిపి నీళ్లు మూసుకుపోయాయి. చేపలకు, నీటిపక్షులకు చోటు తగ్గింది. ఏళ్ల తరబడి అక్కడే ఉండి అధ్యయనం చేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మేత నిషేధం వల్ల చిత్తడి నేలకు నష్టమే జరిగిందని తేల్చింది. నిషేధాన్ని కోరినవాళ్లలో ఆ సంస్థ పెద్దలూ ఉన్నారు, అయినా తమ లెక్కలు చెప్పిన నిజాన్ని దాచలేదు. అందుకు వాళ్లను గౌరవిస్తాను. తర్వాత గ్రామస్థులు లోపలికి వచ్చి గడ్డి కోసుకోవడానికి అనుమతించారు. చనిపోయినవాళ్లు మాత్రం తిరిగిరారు. పక్షుల కోసం అని చెప్పి, పక్షులకు మేలుచేస్తున్నవాళ్లనే చంపుకున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది తేలికైనది కాదు, దాటేయకూడదు. మనుషుల పాత్ర ఉందని ఇంతగా చెబితే, గనుల కంపెనీ రేపు ఇదే మాట వాడుకోదా? అడవికి మనిషి అవసరమేనట, మేమూ మనుషులమే అని రాదా? రావచ్చు. అందుకే ఒక గీత స్పష్టంగా గీయాలి. మనిషి ఉన్నంత మాత్రాన సహ ఉత్పత్తి అయిపోదు. ఆ మేలు మళ్లీ మళ్లీ పుట్టే శక్తిని అతని పని నిలబెడుతోందా, తినేస్తోందా అన్నదే కొలత. మన చెయ్యి ఏమాత్రం అక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. ముదిరిన వానాడవులు, లోతు సముద్రాలు, ఎత్తైన మంచుకొండలు. అక్కడ మన వాటా దూరంగా ఉండటమే. అలా ఉండటం కూడా ఊరికే జరగదు, దానికీ కూడబలుక్కోవాలి. ఓజోన్ పొరను మనం తయారుచేయలేదు, కానీ 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకుని దాన్ని తినేసే రసాయనాలను ఆపుకోబట్టే అది కోలుకుంటోంది. ఇప్పుడు మన చర్మాన్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతున్న సేవలో ఆ ఒప్పందానికీ భాగం ఉంది.

సహ ఉత్పత్తి చెడ్డ దారి పట్టడం కూడా ఉంది, ఈ చర్చలో దాని గురించే తక్కువ మాట్లాడుతున్నామని నాకనిపిస్తుంది. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప శతాబ్దాలుగా దొరికేది. 20వ శతాబ్దం మధ్య నుంచి పెద్ద ట్రాలర్లు వచ్చాయి, చేపల గుంపుల్ని నీటి అడుగునే పసిగట్టే పరికరాలు వచ్చాయి. 1968లో పట్టుబడి సుమారు 8 లక్షల టన్నులకు చేరింది. ఆ తర్వాత పడిపోయింది, మళ్లీ కొంత కోలుకున్నట్టు కనిపించింది. చేపలు నిజంగా తగ్గుతున్నప్పుడు కూడా ట్రాలర్లకు మంచి పట్టుబడే ఉండేది, ఎందుకంటే మిగిలిన చేపలు ఎక్కడ గుమిగూడినా అవి వెతికి పట్టగలవు. ఆ ట్రాలర్ల లెక్కల్ని చూసి నిల్వలు బాగున్నాయని అంచనాలు వేశారు. తీరం దగ్గర చిన్న పడవల మీద వేటాడేవాళ్లు చేప చిన్నదవుతోంది, తగ్గుతోంది అని మొత్తుకున్నారు, వాళ్ల మాట చెల్లలేదు. 1992లో ప్రభుత్వం వేట నిషేధించాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు.

'ఆహారం' అనే సేవను టన్నుల్లో మాత్రమే కొలిస్తే, కూలిపోవడానికి కొన్నేళ్ల ముందు కూడా అది బాగానే ఉన్నట్టు కనిపించింది. సేవలో ప్రకృతి వాటా కరిగిపోతుంటే, యంత్రం వాటా పెరిగి ఆ లోటును కప్పేసింది. సారం పోయిన నేలలో ఎరువు పెంచి అదే దిగుబడి తీయడమూ ఇదే. నీటిమట్టం పడిపోతుంటే బోరు ఇంకా లోతుకు దించి అన్నే నీళ్లు తోడటమూ ఇదే. కాలిఫోర్నియా బాదం తోటలు మరో ఉదాహరణ. ప్రతి ఫిబ్రవరిలో దేశం నలుమూలల నుంచి లారీల్లో తేనెటీగల పెట్టెలు తెచ్చి పెడితే తప్ప ఆ తోటలు కాయవు. కనుచూపు మేరా ఒకటే చెట్టు, ఒకేసారి పూత. ఆ కొద్ది వారాలు దాటితే అక్కడ అడవి తేనెటీగలు బతకడానికి ఏమీ ఉండదు. పరాగసంపర్కం జరుగుతూనే ఉంది, కాయ కాస్తూనే ఉంది. దాని వెనక ఉన్న ప్రకృతి మాత్రం అద్దెకు వచ్చి వెళ్తోంది.

అందుకే ఫలితం ఎంత అన్న ప్రశ్న ఒక్కటే అడగడం ప్రమాదం. ఆ ఫలితంలో ఎవరి వాటా పెరుగుతోంది, ఎవరిది తరుగుతోంది అని అడిగి తీరాలి. మనుషుల పాత్రను కనిపించకుండా చేసే లెక్క ఈ ప్రశ్నను అడగనే లేదు. ప్రకృతిని ప్రేమించేవాళ్లు సహ ఉత్పత్తి మాట విని భయపడాల్సిన పని లేదని నేననేది ఇందుకే. ఈ మాట లేకపోతేనే దోపిడీ దాక్కుంటుంది.

మంచి దారి పట్టడానికి ఏం కావాలో నైజర్ రైతులు చూపించారు. సహారాకు దక్షిణాన ఉన్న ఆ దేశంలో 1970, 80లలో కరువులు, ఇసుక గాలులు. ఎన్నో పథకాలు మొక్కలు నాటాయి, ఎక్కువ భాగం చచ్చిపోయాయి. 1983 ప్రాంతంలో అక్కడి మరాడి అనే చోట పనిచేస్తున్న టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్, పొలాల్లో పొదల్లా కనిపిస్తున్నవి నిజానికి కొట్టేసిన చెట్ల మోళ్ల నుంచి వస్తున్న పిలకలని గుర్తించాడు. వేర్లు భూమిలో బతికే ఉన్నాయి. ఒక్కో మోడుకు మంచి పిలకలు నాలుగైదు ఉంచి, మిగతావి కోసేసి, పశువుల నుంచి కాపాడితే చాలు, కొన్నేళ్లలో చెట్టవుతుంది. నర్సరీ లేదు, నీళ్లు పోయడం లేదు. దీనికి సమానమైన పద్ధతి రైతులకు పూర్వం నుంచీ తెలుసు.

మరి తెలిసీ ఎందుకు చేయలేదు? వలస పాలన నాటి నుంచి వచ్చిన చట్టం ప్రకారం చెట్లు ప్రభుత్వానివి. సొంత పొలంలో పెరిగిన చెట్టు కొమ్మ కొట్టినా జరిమానా పడేది. అలాంటప్పుడు పిలక కనిపించగానే పీకేయడమే రైతుకు క్షేమం. 1980ల నుంచి ఆ పట్టు సడలింది. చెట్టు మనదే అన్న ధీమా కలిగాక రైతులు వాటిని పెంచారు. సుమారు 50 లక్షల హెక్టార్లలో, 20 కోట్ల దాకా చెట్లు తిరిగి వచ్చాయని అంచనా. ఉపగ్రహ చిత్రాల్లో ఆ తేడా కనిపిస్తుంది. గావో అనే చెట్టు వాటిలో ముఖ్యమైనది. వానాకాలంలో ఆకు రాల్చేస్తుంది కాబట్టి పంటకు నీడ పడదు, ఎండాకాలంలో పశువులకు మేత ఇస్తుంది, నేలకు నత్రజని చేరుస్తుంది. ఆ దేశం ప్రపంచంలోకెల్లా పేద దేశాల్లో ఒకటి. ఇంత పెద్ద మార్పుకు అక్కడ అవసరమైంది డబ్బు సంచులు కాదు, హక్కు. పర్యావరణ పథకాల బడ్జెట్లు చూసినప్పుడల్లా నాకు నైజర్ గుర్తొస్తుంది. మొక్కల కొనుగోలుకు ఒక పద్దు ఉంటుంది, గుంతలకు ఒక పద్దు ఉంటుంది. ఆ చెట్టు రేపు ఎవరిది అన్న దానికి మాత్రం చాలా పథకాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు.

డబ్బు అక్కర్లేదని కాదు. ఉత్తర ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ అనే విశాలమైన గడ్డిభూముల ప్రాంతం ఉంది. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా ఎండాకాలం మొదట్లోనే, గడ్డిలో ఇంకా పచ్చి ఉండగానే, అక్కడక్కడ చిన్నచిన్న మంటలు పెట్టేవారు. అవి నెమ్మదిగా కాలి ఆరిపోయేవి. 20వ శతాబ్దంలో జనం ఆ నేల విడిచి పట్టణాలకు, క్రైస్తవ మిషనరీల స్థావరాలకు వెళ్లిపోయాక, ఎండాకాలం చివర్లో పెద్ద కార్చిచ్చులు మొదలయ్యాయి. మనుషులు వెళ్లిపోతే అడవికి విశ్రాంతి దొరుకుతుందన్న మాట అక్కడ తలకిందులైంది. 2006లో ఒక ఒప్పందం కుదిరింది. డార్విన్‌లోని సహజవాయువు కర్మాగారం తన ఉద్గారాలకు బదులుగా ఏటా సుమారు 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆదివాసీ రేంజర్లు సుమారు 28,000 చదరపు కిలోమీటర్లలో పాత పద్ధతిలో ముందుగానే మంటలు పెడతారు. పెద్ద కార్చిచ్చులు తగ్గి, ఏటా లక్ష టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు గాలిలో కలవకుండా ఆగాయి.

కంపెనీ తన ఉద్గారాలను తగ్గించుకోకుండా ఇలా డబ్బిచ్చి చేతులు దులుపుకోవడం గురించి నాకు ఇబ్బంది ఉంది, ఆ ఇబ్బంది పోలేదు. అయినా ఈ ఒప్పందంలో ఒక సంగతి సరిగ్గా ఉంది: చెల్లింపు చెట్టుకు కట్టిన ధర కాదు, పనికి ఇచ్చిన ప్రతిఫలం. ఎప్పుడు, ఎక్కడ, ఏ గాలికి నిప్పు పెట్టాలో తెలిసిన పెద్దవాళ్ల జ్ఞానానికి, దాన్ని నేర్చుకుంటూ ఆ నేల మీద తిరిగే పిల్లల రోజులకు.

ఈ పని చేసేవాళ్లు రేపు ఉంటారా అన్నదే ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న ప్రశ్న. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో కొండల మీది వరి మెట్లను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మెట్లకు పైన ఒక్కో కుటుంబానికి ఒక్కో అడవి ముక్క ఉంటుంది, దాన్ని ముయోంగ్ అంటారు. దాన్ని కాపాడుకుంటే ఊటలు ఆగవు, ఊటలు ఆగకపోతే మళ్లు తడి ఆరవు, మళ్లు తడిగా ఉంటే గట్లు బీటలు వేయవు. 2001లో ఇదే చోటును ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టాల్సి వచ్చింది. ముఖ్య కారణాల్లో ఒకటి, యువత చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిపోవడం; కాలువలు, గట్లు చూసుకునేవాళ్లు తగ్గిపోవడం. మరమ్మతులు, స్థానికుల కృషి తర్వాత 2012లో ఆ జాబితా నుంచి తీసేశారు. వలస మాత్రం ఆగలేదు.

ఆ యువతను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నడుము వంగే చాకిరీ చేసి, నగరంలో వచ్చేదాంట్లో సగం కూడా సంపాదించలేక, వచ్చిపోయే పర్యాటకుల కోసం కొండ మీద కూర్చోమని వాళ్లతో ఎలా అంటాం? వారసత్వం అనే బిరుదు కూలిన రాతి గట్టును తిరిగి పేర్చదు. పేర్చేవాళ్లకు రోజుకు ఎంత రావాలి, ఆ డబ్బు టికెట్లు అమ్ముకునేవాళ్ల లాభంలోంచి వస్తుందా ప్రభుత్వ ఖజానాలోంచి వస్తుందా, ముయోంగ్‌లో చెట్టు కొట్టాలా వద్దా అన్నది ఆ కుటుంబం తేలుస్తుందా దూరపు కార్యాలయం తేలుస్తుందా? ప్రకృతి సేవల మీద నివేదికలు రాసేవాళ్లు డాలర్ల అంకె దగ్గరికి వెళ్లే ముందు ఈ ప్రశ్నలకు జవాబులు రాయాలని నా పట్టుదల. వీటికి జవాబు లేని సంరక్షణ ప్రణాళికను ప్రణాళికగా ఒప్పుకోవడం నా వల్ల కాదు.